చెరువు పుస్తకం: ఒక పట్టణ చెరువు కాపలా పని, దశలవారీగా

ఈ డైరీ తెలంగాణలో ఒక మున్సిపల్ పట్టణం అంచున ఉన్న చెరువుది. విస్తీర్ణం సుమారు 40 ఎకరాలు. కట్ట, పొలాలకు నీళ్లు వదిలే ఒక తూము, నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి (అలుగు అనీ అంటారు), కట్ట మీద మైసమ్మ గుడి ఉన్నాయి. పైనుంచి రెండు వాగులు రావాలి. ఒకటి వస్తోంది, రెండోదాని మీద కాలనీ లేచింది. ఇలాంటి చెరువు ఉన్న ఊరివాళ్లు ఎవరైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. అందుకే ఏ పని ఎందుకు ముందు చేశామో, ఎక్కడ తప్పుతుందో రాసి పెడుతున్నాం.

ముందే ఒక మాట. జనం నినాదానికి ఒకసారి వస్తారు. చేతికి ఒక చిన్న పని, రాయడానికి ఒక అంకె ఇస్తే మళ్లీ వస్తారు. ఆ అంకెను ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుంటే అధికారి జవాబు చెప్పక తప్పదు. ఈ కార్యక్రమం మొత్తం ఈ రెండింటి మీదే నడుస్తోంది.

ఫిబ్రవరి: కాగితాలు

చీపురు పట్టుకునే ముందు కాగితం పట్టుకోవాలి. చెరువు హద్దు తెలియకుండా చెత్త ఏరితే, ఏరిన చోటే రేపు ప్లాట్ రాళ్లు పాతుతారు.

సమాచార హక్కు దరఖాస్తులు మూడు వేశాం, ఒక్కో శాఖకు ఒకటి. నీటిపారుదల శాఖను ట్యాంక్ మెమొయిర్ (చెరువు వివరాల రికార్డు), ఎఫ్‌టీఎల్ (నిండు మట్టం) మ్యాప్ అడిగాం. మెమొయిర్‌లో మత్తడి పొడవు, మత్తడి మట్టం, తూముల వివరం, ఆయకట్టు ఉంటాయి. తహసీల్దార్ ఆఫీసును గ్రామ నక్ష (ఊరి భూముల పటం), చెరువు సర్వే నంబర్ల సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954–55 ఖాస్రా పహాణీ, ఇప్పటి పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే రికార్డు) అడిగాం. మున్సిపాలిటీని చెరువు చుట్టూ ఇచ్చిన భవన అనుమతుల జాబితా, మురుగు కాలువల ప్లాన్ అడిగాం. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, ఆపై స్థాయికి 10. ఊరి స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు దాటిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తులు ఎక్కువగా పోయేది ఒకే కారణంతో: ‘ఆక్రమణలు ఎందుకు తొలగించలేదు?’ అని అడగడం. ‘ఎందుకు’ అన్నది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ‘ఫలానా సర్వే నంబర్‌లో ఆక్రమణలపై ఇచ్చిన నోటీసుల నకళ్లు, ఫైల్ నోటింగులు’ అని అడిగితే తప్పించుకోవడం కష్టం. ఇంకో దారి, రికార్డును స్వయంగా చూస్తామని అడగడం. మొదటి గంట ఉచితం. ఫైలు ముందు కూర్చుంటే, అడగాలని మనకు తట్టని కాగితం కూడా కంటపడుతుంది.

పహాణీలో ‘శిఖం’ అన్న మాట కోసం వెతకండి, అంటే చెరువు నిండితే మునిగే భూమి. శిఖం పట్టా ఉన్న రైతుకు నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కు మాత్రమే ఉంటుంది. ఇల్లు కట్టే హక్కు, వెంచర్ వేసే హక్కు ఉండవు. కానీ శిఖం రైతును శత్రువుగా చూస్తే పని చెడుతుంది. ఆయన తాత ముత్తాతల నుంచి అక్కడే ఉన్నాడు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో పట్టణంలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. మొదటి సమావేశానికి శిఖం రైతులను, మత్స్య సహకార సంఘాన్ని పిలవకుండా పొద్దున వాకింగ్ చేసేవాళ్లే కూర్చుని ‘చెరువు పరిరక్షణ సమితి’ పెట్టుకుంటే, అది వాకింగ్ ట్రాక్ సమితిగా మారిపోతుంది.

కాగితం ఎంత పని చేస్తుందో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా సోంపేటను చూడాలి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన భూమిని కాగితాల మీద పనికిరాని బంజరుగా చూపారు. రైతులు, మత్స్యకారులు అది బంజరు కాదు, బీల అని, అంటే ఏడాది పొడవునా నీళ్లు నిలిచే చిత్తడి నేల అని రుజువులతో నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. వీధిలో పోరాటం లేకపోతే ఆ కాగితాన్ని ఎవరూ చదివేవారు కాదు. కాగితం లేకపోతే అథారిటీ ముందు పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

మార్చి: మట్టం

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు చేరే గీత. మత్తడి పైఅంచు ఏ ఎత్తులో ఉంటే, చుట్టూ అదే ఎత్తులో ఆ గీత ఉంటుంది. దీన్ని కొలవడానికి డ్రోన్ అక్కర్లేదు, మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు చాలు.

కావలసినవి: 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పారదర్శక పైపు 25 మీటర్లు, సెంటీమీటర్ గీతలు పెట్టిన రెండు కర్రలు, గూటాలు, తెల్ల పెయింట్, ఒక నోట్‌బుక్. మనుషులు నలుగురు. అందులో ఒకరు మేస్త్రీ అయితే పని సగం అయినట్టే.

ఎత్తున పెట్టిన బకెట్‌లోంచి పైపును సైఫన్ చేసి నింపాలి. కుళాయికి పెట్టి నింపితే గాలి బుడగలు ఉండిపోతాయి. ఒక్క బుడగ ఉన్నా రెండు చివర్లా మట్టం కలవదు. ఒక చివర మత్తడి అంచున, రెండో చివర 20 మీటర్ల అవతల పట్టి, నీళ్లు కదలడం ఆగాక గుర్తు పెట్టాలి. అక్కడి నుంచి మళ్లీ ముందుకు. చెరువు చుట్టి మత్తడి దగ్గరికే రావాలి. మొదలుపెట్టిన ఎత్తుకు, తిరిగి వచ్చిన ఎత్తుకు తేడా 3 సెంటీమీటర్లు దాటితే ఎక్కడో తప్పు జరిగింది, మళ్లీ మొదలు. ఇంత పట్టుదల ఎందుకంటే, మన చెరువుల పైఒడ్డు చాలా చదును. వంద మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న చోట 5 సెంటీమీటర్ల ఎత్తు తప్పితే గీత 5 మీటర్లు జరిగిపోతుంది. అక్కడ 5 మీటర్లంటే ఒకరి ప్రహరీ. ఎండెక్కితే పైపులో నీళ్లు ఒకవైపు వేడెక్కి మట్టం తేడా చూపుతుంది, అందుకే పొద్దున 9 లోపే ముగించాలి.

అసలు మోసం పైపులో ఉండదు, మత్తడిలో ఉంటుంది. శిఖంలో ప్లాట్లు వేసినవాళ్లు రాత్రికి రాత్రి మత్తడి రాళ్లు రెండు వరసలు తీసేస్తే చెరువు నిండదు, ఎఫ్‌టీఎల్ కిందికి దిగినట్టు కనిపిస్తుంది. చేపలు పెంచేవాళ్లు మత్తడి మీద ఇసుక బస్తాలు పేరిస్తే పైకి ఎక్కినట్టు కనిపిస్తుంది. అందుకే మెమొయిర్‌లోని మత్తడి మట్టాన్ని తూము గడపతో పోల్చి, మత్తడి అసలు ఎత్తులోనే ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. మన చెరువులో పాత సున్నం గచ్చు ఆనవాలు మత్తడి పక్కగోడకు ఇంకా అంటుకుని ఉంది. ఇప్పటి అంచు దానికంటే జానెడు కింద. ఆ ఫొటోలో కర్ర, తేదీ రాసిన పలక రెండూ పెట్టి తీశాం.

2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణం ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. మన 40 ఎకరాలు 16 హెక్టార్లకు పైనే, కాబట్టి 30 మీటర్లు. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే దానికి 9 మీటర్లు, లోపు అయితే 2 మీటర్లు. చెరువు బఫర్ చాలామందికి తెలుసు. వాగు బఫర్ మరిచిపోతారు, చెరువు చచ్చేది అక్కడే.

ఈ పెయింట్ గీతకు చట్టబలం లేదు. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి చేసే జాయింట్ సర్వేకే ఉంటుంది. గీత పని, ఆ సర్వే ఎక్కడ జరగాలో చూపించడం. అది గీశాక ఫోన్‌లో మ్యాప్ తీసి, ఎఫ్‌టీఎల్ లోపల ఉన్న కట్టడాలకు నంబర్లు వేసి జాబితా చేశాం. ఇళ్లలో ఉండేవాళ్ల పేర్లు రాయలేదు. పేర్లు రాస్తే అది పక్కింటి పంచాయితీ అవుతుంది, చెరువు పని ఆగిపోతుంది.

ఏప్రిల్, మే: మురుగు లెక్క

తూము గోడ మీద 10 సెంటీమీటర్లకు ఒక గీత పెయింట్ వేశాం. సున్నా తూము గడప దగ్గర. రోజూ పొద్దున నడకకు వచ్చేవాళ్లు ఫొటో తీసి గ్రూపులో పెడతారు. గుడి దగ్గర ఒక పొడవాటి నోట్‌బుక్ ఉంది: తేదీ, సమయం, మట్టం, వాన, నీటి రంగు, వాసన, చచ్చిన చేపలు, రాసినవారి సంతకం. పిల్లలు దాన్ని చెరువు పుస్తకం అన్నారు, ఆ పేరే నిలిచింది. ఒక్కో పనికి ముగ్గురిని పెట్టాలి. ఒక్కరికే అప్పగిస్తే వాళ్లింట్లో పెళ్లి వచ్చిందంటే వరుస తెగిపోతుంది.

మే నెలలో ఈ పుస్తకం ఒక విషయం చెప్పింది. నడి ఎండల్లో మట్టం దాదాపు కదల్లేదు. చూసినవాళ్లు సంతోషించారు. సంతోషించాల్సిన సంగతి కాదది. ఈ ఎండలకు చెరువు మీంచి రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. 40 ఎకరాల మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 16 లక్షల లీటర్లు. అంటే రోజుకు 10 నుంచి 13 లక్షల లీటర్లు ఎగిరిపోతున్నా మట్టం దిగలేదంటే, అన్ని నీళ్లూ ఎక్కడినుంచో వస్తున్నాయి. వాన లేదు, వాగు ఎండింది. ఇక మిగిలింది మురుగే.

ఎంత వస్తోందో కొలవడం ఇలా. కాలువలో తిన్నగా ఉన్న 10 మీటర్ల ముక్క ఎంచుకోవాలి. వెడల్పు, మూడుచోట్ల లోతు కొలిచి సగటు తీయాలి. నిమ్మకాయ వదిలి 10 మీటర్లకు ఎన్ని సెకన్లు పట్టిందో ఐదుసార్లు చూసి సగటు తీయాలి. పైన తేలేది అడుగు నీటికంటే వేగంగా పోతుంది, కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. ఉదాహరణకు వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 15, నిమ్మకాయకు 25 సెకన్లు అనుకోండి. వేగం సెకనుకు 0.4 మీటర్లు, సవరిస్తే 0.34. వైశాల్యం 0.09 చదరపు మీటర్లు. గుణిస్తే సెకనుకు 30 లీటర్లు. ఇది పొద్దున 7, 8 గంటల మధ్య, అందరూ స్నానాలు చేసే వేళ లెక్క. రోజంతటి సగటు ఇందులో సగం అనుకున్నా రోజుకు 13 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగు అన్న ఇంజనీర్ల లెక్క ప్రకారం అది 12,000 మంది మురుగు. ఆ కాలువ ఏ వార్డుల నుంచి వస్తోందో ఇక దాచడానికి వీలుండదు. నిమ్మకాయ బదులు థర్మాకోల్ ముక్క వేస్తే గాలికి కొట్టుకుపోతుంది. చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి.

నీటి పరీక్షలో ఒకే ఒక్క అంకె ఎంచుకోమంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ అంటాం. రొయ్యల చెరువుల వాళ్లు వాడే చుక్కల కిట్లే ఇక్కడా పనికొస్తాయి. భీమవరం, నెల్లూరు వైపు ఆక్వా దుకాణాల్లో దొరుకుతాయి, కొరియర్‌లోనూ తెప్పించుకోవచ్చు. సీసాను నీళ్లలో ముంచే నింపి, లోపలే మూత పెట్టాలి. బుడగ ఉండకూడదు. మొదటి రెండు రసాయనాలు వేశాక గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగా దిగితే దాదాపు సున్నా. ఆ తెల్ల మడ్డిని ఒకసారి కళ్లారా చూసిన కాలనీవాళ్లకు ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. చివర్లో వేసేది ఆసిడ్, అది పెద్దవాళ్ల పని. పిల్లలకు మట్టం, వాన లెక్కలు ఇవ్వండి.

పరీక్ష ఏ వేళప్పుడు చేస్తామన్నది చాలా ముఖ్యం. మధ్యాహ్నం చేస్తే పాచి ఎండలో ఆక్సిజన్ వదిలి అంకె అద్భుతంగా వస్తుంది. రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అడుగంటుతుంది, చేపలు తేలేదీ అప్పుడే. సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేసి రెండూ రాయాలి. చేపలు బతికే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకున్న కనీసం లీటరుకు 4 మిల్లీగ్రాములు. తెల్లవారుజాము అంకె దానికి ఎంత దూరంలో ఉందో చూస్తే చెరువు ఆరోగ్యం తెలిసిపోతుంది.

పౌరులు చేసిన ఈ పరీక్ష కోర్టులో సాక్ష్యంగా నిలవదు. 1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి పద్ధతి ప్రకారం తీసిన నమూనాకే ఆ విలువ. మన అంకెలన్నీ జతచేసి ‘ఫలానా కాలువ మూతి దగ్గర, ఉదయం 6 లోపు నమూనా తీయండి’ అని మండలికి రాశాం. ఎక్కడ, ఎప్పుడు అని రాయకపోతే మధ్యాహ్నం వచ్చి కట్ట పక్కన తేట నీళ్లు తీసుకుపోతారు.

జూన్: గుర్రపుడెక్క

నీళ్ల మీద తేలే ఈ కలుపు తీయడమే అందరికీ కనిపించే పని, అందరూ మొదట చేయాలనుకునే పనీ ఇదే. దీన్ని కావాలనే నాలుగో దశకు నెట్టాం. మురుగు ఆగకుండా డెక్క తీస్తే రెండు వారాల్లో రెట్టింపవుతూ మళ్లీ కమ్మేస్తుంది. మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ దాని ఎరువు. పోనీ మానేద్దామా అంటే అదీ కుదరదు, వానల్లో కొట్టుకొచ్చి తూముకు అడ్డం పడుతుంది. అందుకే మృగశిర కార్తెకు ముందు తూము, మత్తడి చుట్టూ ఉన్నంత వరకే తీశాం. మొత్తం చెరువు జోలికి పోలేదు.

మత్స్య సంఘం తెప్పల మీద తాడు వేసి ఒడ్డుకు లాగుతుంది. ఒడ్డున ఉన్నవాళ్లు పంగల కర్రలతో పైకి తీస్తారు. తీసిన డెక్కలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. వెంటనే ట్రాక్టర్ పిలిస్తే నీళ్లు మోయడానికి డబ్బులు కట్టినట్టు. ఎఫ్‌టీఎల్ గీతకు అవతల కుప్ప వేసి, వారం పది రోజులు ఎండనిచ్చి, పేడ పొరలతో కంపోస్టు వేయాలి. కానీ ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చెరువైతే ఆ కంపోస్టు కూరగాయలకు వాడొద్దు, డెక్క భారలోహాలను పీల్చుకుంటుంది. పూలు రాకముందే తీయాలి, గింజలు అడుగున చేరితే ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి.

ప్రజావాణి, వార్డు కమిటీ

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. ఒక అర్జీలో ఒకే కోరిక ఉండాలి. ‘ఆక్రమణలు తొలగించాలి, మురుగు ఆపాలి, లైట్లు పెట్టాలి’ అని ఒకే కాగితంలో రాస్తే, లైట్లు పెట్టి అర్జీ పరిష్కారమైందని మూసేస్తారు. మొదటిది జాయింట్ సర్వే కోసం, రెండోది మురుగు కాలువ మళ్లింపు కోసం. రసీదు నంబరు చెరువు పుస్తకం అట్ట లోపల రాసి పెడతాం.

తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కో దానిలో 15 మంది. చాలాచోట్ల ఇవి జాబితాలో ఉంటాయి, సమావేశం కావు. చెరువు మురుగు లెక్కను వీటి ఎజెండాలో పెట్టమని రాతపూర్వకంగా అడిగితే సమావేశం పెట్టక తప్పని పరిస్థితి వస్తుంది. అదే చట్టంలో మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్ అని ఉంది. అది మొక్కలకు పోతుంది. వాగు ఒడ్డున నాటే మొక్కలకైనా అడగండి.

ఇక్కడే ఒక ప్రమాదం. అర్జీలు బలంగా పడ్డాక ‘సుందరీకరణ’ అనే మాట వస్తుంది. రింగ్ బండ్ (చెరువు చుట్టూ పోసే మట్టి కట్ట), వాకింగ్ ట్రాక్, సిమెంటు బెంచీలు, నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీ. రింగ్ బండ్‌ను ఎఫ్‌టీఎల్ లోపల పోస్తే చెరువు అధికారికంగానే చిన్నదవుతుంది, పైనుంచి వచ్చే వాన నీటికి అడ్డుకట్ట పడుతుంది, వెనకున్న కాలనీ మునుగుతుంది. ట్రాక్ కావాలంటే ఎఫ్‌టీఎల్‌కు బయట, మట్టితో, వాగు దారిలో తూములు పెట్టి వేయాలి. ఈ విషయం మీద సమితిలోనే రెండు వర్గాలవుతాయి, కొంత విడిపోవడం మంచిదే. ట్రాక్ కోసం వచ్చినవాళ్లు ట్రాక్‌తో పోతారు.

వినాయకచవితి, బతుకమ్మ

జనాన్ని రప్పించడానికి జూన్ 5 పర్యావరణ దినం కంటే పెత్రమాస (మహాలయ అమావాస్య) ముందు వారం మేలు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆడేది చెరువు దగ్గరే కాబట్టి ఆడవాళ్లు అడగకుండానే ఒడ్డు ఊడుస్తారు. మురుగు కాలువ మూతి దగ్గర బతుకమ్మను ఎలా వదులుతారో ఆలోచించమంటే చాలు. తెల్ల మడ్డి సీసాను మొదటిసారి నలుగురిలో పెట్టింది అక్కడే. వార్డు కమిటీ మహిళల జాబితాలో పేర్లు పడిందీ ఆ సాయంత్రమే.

విగ్రహాల సంగతి క్లుప్తంగా: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దు. కుమ్మరులకు ముందుగానే, ఆషాఢంలోనే ఆర్డర్ ఇవ్వండి. ‘కాల్చొద్దు, రంగు వద్దు’ అని స్పష్టంగా చెప్పాలి. కాల్చిన మట్టి నీళ్లలో కరగదు, ఆ నింద మట్టి విగ్రహాల మీదికే వస్తుంది. పత్రి, పూలు, బట్ట ముందే తీసి వేరుగా పెట్టాలి.

ట్రిబ్యునల్ సంగతి

అర్జీలు, అప్పీళ్లు కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచి. నష్టపరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. వివాదం తేల్చమనే దరఖాస్తుకు, కారణం మొదలైన నాటి నుంచి 6 నెలల గడువు. పరిహారం, పునరుద్ధరణ అడిగితే 5 ఏళ్లు. రెండింటికీ, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. తేదీలతో ఉన్న చెరువు పుస్తకం అక్కడ బాగా పనికొస్తుంది, ఏది ఎప్పుడు మొదలైందన్నదే తొలి ప్రశ్న కాబట్టి. మనం ఇంకా ఆ గడప తొక్కలేదు. జాయింట్ సర్వే నోటీసు రావాల్సి ఉంది.

ఇప్పుడు పెండింగ్‌లో ఉన్నవి

సర్వే రోజుకు సంచి సిద్ధంగా ఉంది: ధ్రువీకరించిన మెమొయిర్ నకలు, గ్రామ నక్ష, లెవెల్ పైపు నోట్‌బుక్, మత్తడి గచ్చు ఫొటో, ప్రజావాణి రసీదులు. శిఖం రైతులు ఇద్దరు, మత్స్య సంఘం నుంచి ఒకరు వెంట ఉంటారు. సర్వేయర్ గొలుసు ఏ రాయి నుంచి మొదలుపెట్టారో అక్కడికక్కడే రాసుకోవాలి. పంచనామా పూర్తిగా నింపాకే సంతకం చేయాలి. ‘తర్వాత నింపుతాం’ అంటే ‘సంతకమూ తర్వాతే’ అని చెప్పి, వచ్చినవాళ్ల హాజరు మాత్రం వేరే కాగితం మీద రాయించుకోవాలి. రెండో వాగు దారిని నక్ష మీద ఎర్ర పెన్సిల్‌తో గీశాం. కాలనీ కింద అది ఎక్కడ ఎక్కడ పోతుందో తేల్చడానికి మ్యాన్‌హోళ్ల వరుస చూడటం వచ్చే నెల పని.